భయానికీ ఒక కార్తె ఉండేది

మా ఎదురింటి అరుగు మీద ఒక బరకం ఉంటుంది. నీలం రంగుది. అంచుల్లో ఉండాల్సిన ఇత్తడి కన్నాలు సగం ఊడిపోయాయి. ఎలుక కొట్టినచోట సైకిలు ట్యూబు ముక్క అతికించి ఉంటుంది. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో బరకం లేని రైతు ఇల్లు ఉండదు కాబట్టి అది అక్కడ ఉండటం వింతేమీ కాదు. వింతల్లా, అది ఎప్పుడూ అక్కడే ఉండటం. నా చిన్నప్పుడు ధాన్యం ఇంటికి చేరాక, సంక్రాంతి హడావుడి సద్దుమణిగాక, ఎవరి బరకాన్ని వాళ్ళు కాలవలో ఉతికి, ఎండబెట్టి, మడిచి అటకెక్కించేవారు. మళ్ళీ కోతల దాకా దాని ఊసే ఉండేది కాదు. ఇప్పుడు ధాన్యం అయ్యాక మినుములకు కావాలి. మినుములయ్యాక దుగ్గిరాల యార్డుకు పోవాల్సిన పసుపు ఉడకబెట్టి ఆరబోస్తే దానికి కావాలి. ఆ తర్వాత మొక్కజొన్న. మొక్కజొన్న అయ్యేసరికి మళ్ళీ నారుమళ్ళ రోజులొస్తాయి. ఒక మాఘమాసం సాయంత్రం ఉండబట్టలేక అడిగాను. “బాబాయ్, దీన్నింకా అటకెక్కించలేదేం?” వరసకు బాబాయి అయ్యే ఆయన బీడీ తీసి నవ్వాడు. “ఎక్కిస్తే ఆ రాత్రికే పడుద్దిరా. కళ్ళ ముందుంటే దానికన్నా సిగ్గేసి ఆగుద్దేమో.”

వానకు సిగ్గుంటుందా, బరకానికి మహిమ ఉంటుందా అని నేనూ నవ్వాను. నవ్వానే గానీ ఆ మాట నన్ను వదల్లేదు. వ్యవసాయంలో తలపండిన మనిషి, మాఘమాసంలో, ఆకాశం అద్దంలా ఉన్న పూట, వాన గురించి ఆ మాట అన్నాడు. మాఘంలో వాన ఊసెత్తే అవసరం మా తాతకు ఎన్నడైనా వచ్చిందా? వచ్చే ఉంటుంది, అకాల వర్షమనే మాట నిన్న పుట్టింది కాదు. కానీ వస్తే దాన్ని ఊరంతా ఏళ్ళ తరబడి చెప్పుకునేది. ఫలానా పెళ్ళినాడు పడ్డ వాన, ఫలానా పిల్లాడు పుట్టిన రోజు పడ్డ వడగళ్ళు అని ఆ వానకొక గుర్తు ఉండేది. ఈమధ్య పడుతున్నవాటికి గుర్తులు పెట్టడం మానేశాం. ఎన్నిటికని పెడతాం?

నాకు తెలిసిన వేసవికి ఒక గొంతు ఉంది. సాయంత్రం రేడియోలో ప్రాంతీయ వార్తలు చివరికొచ్చేసరికి రెంటచింతల పేరు వినిపించేది. పల్నాడులోని ఆ ఊరిని మేమెవరం చూడలేదు. అక్కడి ఎండ మాత్రం మాకు బాగా తెలుసు. ఇవాళ రెంటచింతలలో ఇన్ని డిగ్రీలట అంటే, మా ఉక్కపోత దానిముందు ఎంత అని ఒక ఊరట. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దవాళ్ళు అంటుంటే, మా వసారాలోని రోలు ఎప్పుడు పగులుతుందా అని పిల్లలం తడిమి చూసేవాళ్ళం. రోళ్ళు పగల్లేదు గానీ ఆ పదమూడు పద్నాలుగు రోజులూ మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా తిరిగేది కాదు. పిన్నమ్మలు వడియాలు పెట్టుకునేది ఆ ధైర్యంతోనే. పిండి జల్లుకుంటూ పోవడమే తప్ప పైకి చూసే పని లేదు. మిద్దె మీద పాత చీరలు పరిచి, నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టి కిందికి దిగొచ్చి నిద్రపోయేవారు.

2025లో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. జూన్ 1న రావాల్సిన నైరుతి రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి. 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే. ఆ మర్నాడు మన లెక్కలో రోహిణి ప్రవేశం. రోళ్ళు పగలాల్సిన రోజుల్లో రోళ్ళల్లో నీళ్ళు నిలిచాయి. మాకు మామిడికాయ జాడీలకెక్కే రోజులవి. ఆవపిండి ఎండబెట్టే ఎండ లేక మా ఇంట్లో మిక్సీ పట్టే ముందు దాన్ని బాణలిలో వెచ్చజేశారు. పేపర్లు చల్లని కబురు అని రాశాయి. చల్లనిదే, కాదనను. ఎండలో పనిచేసేవాళ్ళ ప్రాణం లేచొచ్చింది. 2015 మే నెలలో వడగాడ్పులకు మన రెండు రాష్ట్రాల్లో కలిపి రెండువేలమందికి పైగా పోయారని తెలిసినవాళ్ళు, చల్లటి రోహిణిని చూసి ఏడవలేరు. కానీ తెలంగాణలో పత్తి చేను దున్ని, తొలి జల్లు పడగానే విత్తనం పెట్టినవాళ్ళకు ఆ కబురు చల్లగా ముగియలేదు. ముందొచ్చిన రుతుపవనాలు మే చివర్లో నిలబడిపోయి, జూన్ సగం దాకా కదల్లేదు. మిరుగం, అంటే మృగశిర కార్తె నాడు చేపలు తిని దుక్కికి దిగే అలవాటున్న నేల అది. తొలకరి మిరుగానికంటే ముందే వచ్చి, మిరుగంలో ముఖం చాటేస్తే ఏం చెయ్యాలో ఏ సామెతా చెప్పదు.

ఇక్కడ నన్ను నేను ఆపుకోవాలి. మా కాలంలో అన్నీ సక్రమంగా ఉండేవి అనని ముసలివాడు భూమ్మీద పుట్టలేదు. నేనూ ఆ వయసుకే వస్తున్నానా? మా కాలంలో నెయ్యి కమ్మగా ఉండేది, మేష్టర్లు బాగా చెప్పేవారు, వానలు వేళకు పడేవి. ఈ మూడు మాటలూ ఒకే నోటినుంచి వస్తాయి కాబట్టి మూడో మాటను కూడా మొదటి రెండింటితో పాటే పక్కన పెట్టేయొచ్చు. జ్ఞాపకం సగటును దాచుకోదు, వింతలనూ సుఖాలనూ దాచుకుంటుంది. మిద్దె మీద పడక గుర్తుంటుంది, ఆ పడక మీద దోమలు కుట్టిన సంగతి గుర్తుండదు. పైగా నా శరీరం మారింది. ఏసీ గదిలో పడుకోవడం అలవాటైన ఒంటికి బయటి రాత్రి ఎప్పటికంటే వేడిగానే ఉంటుంది. ఆ ఏసీ బయటిపెట్టె వదిలే వేడిగాలి పక్కింటి కిటికీలోకే పోతుందని వేరే చెప్పక్కర్లేదు.

మా అమ్మ దగ్గర సాక్ష్యం దొరుకుతుందేమోనని వెతికాను. ఆమె పాత క్యాలెండర్లు పారెయ్యదు. కార్తెలు, వర్జ్యాలు, రాహుకాలాలు వేసే పెద్ద క్యాలెండర్లు అవి, మేకుకు వేలాడి వేలాడి పైభాగం చిరిగినవి. ప్రతి గడిలోనూ ఏదో ఒకటి రాసి ఉంటుంది. పాలు రాని రోజుకు సున్న, గ్యాసు బండ వచ్చిన రోజుకు గ, చాకలికి ఎన్ని బట్టలు పడ్డాయో అంకెలు, ఎవరికో ఇచ్చిన చేబదులు. పొలం మీద బతికిన ఇల్లు మాది. అయినా మామిడి పూసిన రోజు గాని, మొదటి వాన పడిన రోజు గాని ఒక్క గడిలోనూ లేదు. అడిగితే, “అది రాసుకోవాల్సిన సంగతా? దాని పాటికి అది వస్తుందిగా,” అంది. రాసుకోవలసినవి మరిచిపోయే అవకాశం ఉన్నవి మాత్రమే. వాన మరిచిపోయేది కాదు, ఎగ్గొట్టేది కాదు, బాకీ పెట్టేది కాదు అనుకున్న మనుషుల లెక్కల పుస్తకం అది.

బరకం సంగతికే వస్తే, దాన్ని వాతావరణం ఒక్కటే అరుగు మీద కూర్చోబెట్టిందా? నిజాయితీగా చెప్పాలంటే కాదు. ఒకప్పుడు కోసిన పనలు చేలో ఆరాక కట్టలు కట్టి, ఎన్నులు లోపలికీ మొదళ్ళు బయటికీ పెట్టి కుప్ప వేసేవారు. పైన వాలుగా గడ్డి కప్పేవారు. పెద్ద వానకు కూడా కుప్ప పైపైన తడిసి, లోపల ధాన్యం పొడిగా ఉండేది. వారాల తరబడి అలా ఉండి, తీరుబడిగా నూర్చుకునేవారు. ఇప్పుడు కోత మిషన్ వస్తుంది, గంటల్లో ఎకరం తేలిపోతుంది, పచ్చి ధాన్యం ట్రక్కులో పడుతుంది. కొనుగోలుకు తేమ 17 శాతం లోపు ఉండాలి. ఆరబెట్టాలంటే రోడ్డే దిక్కు. ఊరి నుంచి ఊరికి తారురోడ్డు సగం ధాన్యం, సగం మనుషులు. ఆకాశం కింద అంత నగ్నంగా మన పంట ఎప్పుడూ లేదు. కూలీలు దొరక్క, దొరికినా గిట్టక, కుప్ప వేసే నేర్పు తెలిసినవాళ్ళు తగ్గిపోయి మనం ఈ దారికొచ్చాం. కాబట్టి వాన ఒక్కటే మారలేదు, దాని కింద మనం నిలబడే తీరూ మారింది. ఈ రెండూ ఒకే తరంలో మారడమే అసలు దెబ్బ అనుకుంటాను.

మరి పెద్దవాళ్ళు నిజంగా అంత ధీమాగా బతికారా? అనుమానమొచ్చి, తెలిసిన కార్తె సామెతలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. చూస్తే వాటిలో హామీలు తక్కువ, షరతులెక్కువ. ఆరుద్ర కురిస్తే ఫలానా, మఖా పుబ్బలు వరుపైతే ఫలానా, ఉత్తర చూసి ఎత్తర గంప. ఈ చివరిదాని అర్థం మరీ కఠినం. ఉత్తర కార్తె దాకా చూడు, వాన లేకపోతే గంప నెత్తిన పెట్టుకుని ఊరు వదిలి వెళ్ళిపో అని. ఇది కాలాన్ని నమ్మినవాడి మాట కాదు, కాలం చేతిలో దెబ్బలు తిన్నవాడి మాట. మా గుంటూరు సీమలో 1832-33 నాటి నందన కరువుకు లక్షకు పైగా జనం పోయారు. 1876-78లో ధాత కరువు రాయలసీమను ఊడ్చేసింది. కృష్ణా డెల్టాకు ధీమా ఆకాశం ఇవ్వలేదు, 1855కు పూర్తయిన ఆనకట్ట ఇచ్చింది. కాలవలొచ్చాక మాకు వానను కోరుకునే అవసరం తగ్గి, వద్దన్నప్పుడు వస్తుందేమోనన్న భయం మిగిలింది. మెట్టరైతు వాన కోసం పైకి చూస్తాడు, డెల్టా రైతు వానకు భయపడి పైకి చూస్తాడు. ఇద్దరి మెడలూ పైకే ఉంటాయి, పైనున్నవాడికి ఎవరి మొర ఏదో తేల్చుకోవడం కష్టమే.

అంటే నేను మొదట అనుకున్నది నిలవలేదు. కాలం మీద నమ్మకం పోయిందని బాధపడుతున్నాను గాని, ఆ నమ్మకం ఎన్నడూ పూర్తిగా లేదు. మరి పోయిందేమిటి? దీన్ని చాలా రోజులు నమిలాను. ఆ కాగితాన్నే మళ్ళీ మళ్ళీ చూస్తే ఒకటి తట్టింది. సామెతల్లో భయం ఉంది, కానీ ప్రతి భయానికీ ఒక కార్తె ఉంది. వడదెబ్బ భయం రోహిణిది. విత్తనం మాడిపోయే భయం ఆరుద్రది. కరువు భయం మఖా పుబ్బలది. తుపాను భయం స్వాతి, విశాఖలది. ఒక భయం కార్తె దాటితే మనిషి ఊపిరి పీల్చుకుని రెండో భయానికి సిద్ధమయ్యేవాడు. రెంటికీ నడుమ కాస్త ఖాళీ ఉండేది. పెళ్ళిళ్ళు, తిరనాళ్ళు, ఇల్లు కప్పుకోవడం, కొట్టం వేసుకోవడం, చుట్టాలిళ్ళకు పోవడం అన్నీ ఆ ఖాళీల్లోనే జరిగేవి. అటకెక్కిన బరకం ఆ ఖాళీకి గుర్తు. భయం మునుపూ ఉంది, ఇప్పుడూ ఉంది. దానికి వేళాపాళా లేకుండా పోయింది.

2023 ఆగస్టు తీసుకోండి. దేశంలో 1901 నుంచి లెక్కలు చూస్తే అంత వానలేని ఆగస్టు లేదు. మఖ వరుపైంది. ఎగువన కృష్ణకు నీళ్ళు లేక శ్రీశైలం, సాగర్ వెలవెలబోయాయి. కాలవ చివరి భూముల్లో వరి ఎలాగో గట్టెక్కింది. గట్టెక్కిన ఆ చేలే డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నీళ్ళలో మునిగాయి. ఒకే పంట. నాటేటప్పుడు నీళ్ళు లేక, కోసేటప్పుడు నీళ్ళెక్కువై. పనల మీద మొలకలు లేచాయి, పచ్చగా, చూడముచ్చటగా. ఆ పచ్చదనాన్ని చూసి కళ్ళు తిప్పుకున్న రైతుల్ని చూశాను. మరుసటి ఏడు మఖ దాటి పుబ్బ మొదలవగానే ఏం జరిగింది? 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడలోకి జొరబడింది, ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా దిగువకు పోయింది. కొల్లూరు లంకల్లో అరటి, పసుపు నీళ్ళ కింద ఉండిపోయాయి. ముందటేడు నీళ్ళ కోసం కాలవ గట్టున కాపలా పడుకున్నవాళ్ళు, ఆ ఏడు నీళ్ళొస్తాయేమోనని కరకట్ట మీద కాపలా పడుకున్నారు. గోదావరి కథా ఇంతే. పెద్ద వరదంటే అక్కడ ఆగస్టుది. 1986లో భద్రాచలం దగ్గర 75.6 అడుగులొచ్చింది ఆగస్టులోనే. 2022లో జులై సగానికే 71.3 అడుగులు లేచింది, పునర్వసు కార్తె నడుస్తుండగా.

తుపాన్ల విషయంలో మాత్రం తొందరపడకూడదు. ఏడాది చివరి తుపాను కొత్త కాదు. 1977 నవంబరు 19ని దివిసీమ మరిచిపోదు. మే తుపాను కూడా కొత్త కాదు, 1990లో మే నెలలోనే వచ్చి వందల ప్రాణాలు తీసింది. 2022 మేలో అసని వచ్చినప్పుడు సంతబొమ్మాళి తీరానికి ఎక్కడిదో బంగారు రంగు రథం కొట్టుకొచ్చిందని అందరూ ఎగబడి చూశారు, పొలాల్లో తడిసిన ధాన్యాన్ని చూడ్డానికి అంతమంది పోలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తీరం దాటితే, అది వచ్చిన నెల దాని నెలే. ప్రతి గాలివానకూ వాతావరణ మార్పు అని పేరు పెడితే నిజమైన మార్పును మనమే తేలిక చేసినవాళ్ళమవుతాం. శాస్త్రజ్ఞులు చెప్పేది ఇంతకంటే నిదానంగా ఉంటుంది. సముద్రం వెచ్చబడితే తుపానుకు బలం పెరుగుతుంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. పట్టుకున్నది ఎప్పుడో ఒకప్పుడు, ఎక్కడో ఒకచోట, ఒక్కసారిగా వదలాలి. నెలంతా పడాల్సింది రెండు రోజుల్లో పడి, మిగిలిన ఇరవై ఎనిమిది రోజులూ ఎండగాయడం అందుకే. నెల చివర లెక్క చూస్తే సాధారణ వర్షపాతం అని ఉంటుంది. ఆ సాధారణం చేలో నిలబడి చూసినవాడికి ఎంత అసాధారణమో పట్టికలో ఉండదు.

అంకెలు చూడాలంటే కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన అంచనా ఉంది. 1901 నుంచి 2018 మధ్య దేశం సగటున 0.7 డిగ్రీలు వేడెక్కింది. 0.7 అంటే జ్వరం కొలిచే కర్రలో కూడా కనిపించీ కనిపించని తేడా. ఆ తర్వాత 2024 వచ్చి 1901 నుంచి అత్యంత వేడి సంవత్సరంగా రాసుకుంది. 2025 ఫిబ్రవరి, ఫిబ్రవరులన్నిటిలోకీ వేడిదైంది. ఆ ఫిబ్రవరి 26న శివరాత్రి. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. ఆ ఏడు జాగారం చేసినవాళ్ళు గుళ్ళో ఫ్యాను కింద చోటు కోసం చూసుకున్నారు. చలి ఎప్పుడు చెప్పి పోయిందో ఎవరూ గమనించలేదు. ఆ 2020లోనే వాతావరణ శాఖ మరో పని కూడా చేసింది. వాయవ్య భారతం నుంచి రుతుపవనాలు వెనక్కి మళ్ళే సాధారణ తేదీని సెప్టెంబరు 1 నుంచి 17కు మార్చింది. ప్రభుత్వ క్యాలెండరే పదహారు రోజులు జరిగింది. మన సామెతలు మాత్రం ఎవరూ జరపలేదు.

జరపడానికేమీ లేదా అంటే, నిజానికి అవీ జరుగుతూనే ఉన్నాయి, మనకు తెలియదు. కార్తెలు నక్షత్రాల లెక్క, ఋతువులు సూర్యుడి లెక్క. భూమి బొంగరంలా తల ఆడించడం వల్ల ఈ రెంటికీ డెబ్భై ఏళ్ళకు పైగా గడిస్తే ఒక్క రోజు తేడా వస్తుంది. వరాహమిహిరుడి నాటికి, అంటే ఆరో శతాబ్దంలో, మకర సంక్రాంతీ ఉత్తరాయణ ఆరంభమూ దాదాపు ఒక్కటే. ఇప్పుడు సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22ల్లో, మనం గొబ్బెమ్మలు పెట్టేది జనవరి 14, 15ల్లో. పదిహేను వందల ఏళ్ళలో మూడు వారాలకు పైగా జరిగినా ఏ రైతూ ఇబ్బంది పడలేదు. తాత చెప్పిన సామెతను మనవడు తన చేనుకు తగ్గట్టు సర్దుకునే వ్యవధి ఉంది. ఒక జీవితకాలానికి ఒక రోజు అంటే ఎవరైనా సర్దుకుంటారు. ఒకే మనిషి పెళ్ళినాటికీ షష్టిపూర్తికీ మధ్య వారాలు జరిగితే సర్దుకోవడానికి ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

చెట్లు నేర్చుకుంటున్నాయా అని మా పెరటి మామిడిని చూస్తాను. మామిడి పూతకు చల్లటి రాత్రులు కావాలి. మార్గశిర పుష్యాల్లో చలి గట్టిగా తగిలితేనే కొమ్మ చివర మొగ్గ పూగుత్తిగా మారుతుంది, లేకపోతే ఆకై ఊరుకుంటుంది. ఈమధ్య మా చెట్టు ఎటూ తేల్చుకోలేక తూర్పు కొమ్మలు పూస్తుంటే పడమటి కొమ్మల్లో ఎర్రటి చిగురు వేస్తోంది. ఒకవైపు పిందె, ఇంకోవైపు పూత. పూత మీద మబ్బు పడితే తేనెమంచు పురుగు, బూడిద తెగులు. నూజివీడు వైపు తోటలు కౌలుకు తీసుకున్నవాళ్ళు మొదటి విడత పూతకు ఒక మందు, రెండో విడతకు ఇంకోటి కొట్టి, కాయ అమ్మిన డబ్బు మందుల కొట్టుకే ఇచ్చి వస్తున్నారు. ఉగాది పచ్చడికి వేపపువ్వు దొరకలేదని మొన్నామధ్య గొణిగాను గాని, అది పూర్తిగా వేప తప్పు కాదు. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, 2026లో మార్చి 19న. చాంద్రమానం అలా ముందుకూ వెనక్కూ ఊగుతుంటే చెట్టు మాత్రం ఏం చేస్తుంది? అయితే తెలంగాణలో కొన్నేళ్ళ కింద వేపచెట్లు కొసల నుంచి ఎండుకుపోతూ వచ్చినప్పుడు, నిండు పచ్చగా ఉండాల్సిన రోజుల్లో ఊరికి ఊరు గోధుమరంగు వేపలతో నిలబడినప్పుడు, చాలామందికి మొదటిసారి భయం వేసింది. శిలీంధ్రం అన్నారు, చాలా చెట్లు మళ్ళీ చిగిర్చాయి కూడా. వేపకు కూడా జబ్బు చేస్తుందన్న సంగతే కొత్త. తొలకరికి నేలలోంచి లేచే ఆరుద్ర పురుగు, ఆ ఎర్రటి మఖమలు బొట్టు, మా చేలగట్ల మీద కనిపించడం బాగా తగ్గింది. పురుగుమందులే అందుకు కారణం కావచ్చు. అన్నిటినీ ఎండకే అంటగట్టను.

దీనికి జవాబుగా మనకు దక్కినది ముందస్తు హెచ్చరిక. అది చిన్న విషయం కాదు. 1977లో దివిసీమలో వేల ప్రాణాలు పోయాయి. మిచౌంగ్‌కు, మొంథాకు ముందే జనాన్ని తరలించి, పోయినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టగలిగాం. పిడుగు పడుతుందని ఫోనుకు మెసేజి వస్తోంది. ఉపగ్రహం చూసేవాళ్ళకు, రాత్రింబవళ్ళు కూర్చుని లెక్కలు కట్టేవాళ్ళకు దణ్ణం పెట్టాలి. కానీ మూడు రోజుల ముందు తెలిసిన కబురు మనిషిని కాపాడుతుంది, చేనును కాదు. మనిషి లేచి పునరావాస కేంద్రానికి నడుస్తాడు. పొట్ట మీదున్న వరి నడవలేదు. ఏ విత్తనం వెయ్యాలి, ఎప్పుడు నారు పొయ్యాలి, ఎంత అప్పు తేవాలి అనేవి ఆర్నెల్ల ముందు తేల్చుకోవలసినవి. ఆర్నెల్ల ముందు మాట చెప్పేవి కార్తెలే. ఫోను వాటి చోటులోకి రాలేదు.

ఇక ఈ ఖర్చు ఎవరిదన్న ప్రశ్న. మా బాబాయి ఇంట్లో రెండు ఫ్యాన్లు, ఒక టీవీ. వరిచేలు మీథేన్ వదులుతాయని, అదీ భూమిని వేడెక్కిస్తుందని తెలుసు. ఆ పాపంలో ఆయనకూ ఇంత వాటా ఉంది. కానీ ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రంలో తగలబడే బొగ్గులో ఎక్కువ భాగం ఆయన కోసం కాదు. ఈ వ్యాసం రాస్తున్న గదిలో ఏసీ నడుస్తోంది, ఆయన అరుగు మీద బరకం ఉంది. ఆయన సాగుచేసే పొలంలో సగం పైగా కౌలుది. నష్టపరిహారం జాబితా రాసేటప్పుడు కౌలుదారు పేరు ఎక్కడం ఎంత కష్టమో డెల్టాలో అందరికీ తెలుసు. ఆరబెట్టుకోవడానికి ఊరికొక సిమెంటు కల్లం, నాలుగూళ్ళకొక డ్రయ్యరు, కౌలు రైతు పేరుతో పంట నమోదు. ఇవి లేకుండా వాతావరణ మార్పు మీద సదస్సులు పెట్టడం, తడిసిన ధాన్యానికి తేమ కొలిచి వెనక్కి పంపడం రెండూ ఒకే రకం పనులని నా అభిప్రాయం.

పెద్ద పనులు పెద్దవాళ్ళను అడుగుదాం. మనం చెయ్యగలిగినది ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. మండలాఫీసులో వర్షమాపకం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది గాని, మీ వీధి చివర చింత ఎప్పుడు చిగిర్చిందో, కోకిల ఏ రోజు కూత పెట్టిందో, మీ బావిలో నీళ్ళు ఏ నెలలో అడుగంటాయో చెప్పదు. అవి ఎవరూ రాయలేదు కాబట్టే ఇవాళ మన మాటకూ ముసలివాళ్ళ చాదస్తానికీ తేడా చూపించలేకపోతున్నాం. వంటింటి గోడ మీద క్యాలెండరు ఎలాగూ ఉంది, దారానికి కట్టిన పెన్ను ఎలాగూ ఉంది. పాలు రాని రోజు పక్కనే మీ చెట్టు పూసిన రోజు, మొదటి వాన పడ్డ రోజు, దుప్పటి తీసి బీరువాలో పెట్టిన రోజు రాయండి. డిసెంబరు కాగానే ఆ క్యాలెండరు పాత పేపర్లతో కలిపి అమ్మేయకండి.